కాలు అందే ఎత్తు

నర్సు ఇంటికొస్తోందని ఆ వీధికి ముందుగా తెలిసేది పొగ వల్ల. తరవాత చప్పుడు. ఆ తరవాత ఎప్పటికో మనిషి. ఎత్తైన పాత మోటారుసైకిలు, దాని వెనక తెల్లటి మందుల పెట్టె, హ్యాండిలుకీ పెట్టెకీ మధ్య హెల్మెట్టు పెట్టుకున్న చిన్న ఆకారం. గురువారం సాయంత్రం మాత్రం పొగా లేదు, చప్పుడూ లేదు. కాలరు తిప్పుతున్న టైలరు కత్తెర పక్కన పెట్టి కిటికీలోంచి తొంగిచూస్తే, భార్య బండిని తోసుకుంటూ వస్తోంది.

రోజూ అయితే ఆవిడ పక్కింటి గేటు ముందు ఆగుతుంది. అక్కడ పెద్దావిడతో ఓ నాలుగు మాటలు మాట్లాడి, అప్పుడు బండి తోసుకుంటూ తన గుమ్మంలోకి వస్తుంది. ఇవాళ ఆగలేదు. సరాసరి ఇంటికొచ్చి, బండికి స్టాండు వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుంది.

"ఏంటి, ఇవాళ పక్కింటి అత్తయ్యగారితో సభ రద్దా?" అన్నాడు టైలరు.

"నవ్వండి నవ్వండి. కొండ దిగువ నుంచి తోసుకొస్తున్నా."

ఆ మాటతో ఆయన నవ్వు ఆగిపోయింది. గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. బయటికొచ్చేటప్పుడు అలవాటుగా తల వంచాడు. ఊళ్ళో ఏ గుమ్మం దాటాలన్నా ఆయనకి తల వంచడం తప్పదు. అందుకే జనం ఆయన్ని నిచ్చెన టైలరంటారు. ఆవిడేమో చిట్టి నర్సు. ఇద్దరూ పక్కపక్కన నడుస్తుంటే ఆవిడ తల ఆయన భుజం కిందే ఉండిపోతుంది. ఆ బండి ఆయన కొనుక్కున్నది, ఆయన కాళ్ళకి సరిపోయేది. ఆయన పనంతా ఇంటి ముందుగదిలోనే కాబట్టి అది ఆవిడ ఉద్యోగానికి వెళ్ళిపోయింది. ఆదివారం ఇద్దరూ కలిసి బయటికెళ్తే మాత్రం ముందు ఆయన, వెనక ఆవిడ. ఇలాగే ఎందుకని ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు.

కబురందుకుని ఆవిడ తమ్ముడొచ్చాడు. రెండు వీధుల అవతల మెకానిక్ షెడ్డు అతనిది. బండి పక్కన గొంతుక్కూర్చుని, కిక్కు కొట్టి, చెవి పెట్టి విని, చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"బావా, దీనికింక నీ మీద ప్రేమ తప్ప ఏమీ మిగల్లేదు. దమ్ము అయిపోయింది."

"బాగుచెయ్యలేవా?"

"కట్టుకట్టి రెండ్రోజులు లాగిస్తా. ఆ తరవాత నన్నడక్కు. కొత్తది చూసుకోండి."

చిట్టి నర్సు గుమ్మం మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుతోంది. తల ఎత్తకుండానే అసలు సంగతి చెప్పింది. పొద్దున కొండ ఎక్కుతుంటే బండి ఆగిపోయింది. చివరి ఇద్దరి ఇళ్ళకీ మధ్యాహ్నం దాటాక గానీ చేరలేకపోయింది. నర్సింగు ఆఫీసు ఇన్‌ఛార్జి ఫోన్ చేశాడు. సోమవారం పొద్దున సరైన బండి చూపించకపోతే కొండ మీది ఇళ్ళన్నీ కొత్తగా చేరినతనికి ఇచ్చేస్తానన్నాడు. ఆవిడకి ఆఫీసు వెనక వీధులు, నడిచి తిరగొచ్చు.

"మంచిదేగా, అక్కా. తిప్పలు తప్పుతాయి," అన్నాడు తమ్ముడు.

"ఏం మంచిది? డ్రాయింగు మాస్టారి కాలి పుండు ఇన్నాళ్ళకి అంచుల్లో ఎర్రబడి మానుతోంది. కొత్త చెయ్యి పడి, కట్టు తప్పుగా బిగిస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఆయన కాలు పోతుందిరా." లేసు ముడి గట్టిగా లాగింది. "పైగా ఏమన్నాడో తెలుసా? నీలాంటి పొట్టి మనిషికి కొండ రోడ్డు ఎందుకమ్మా అన్నాడు. ఇన్నేళ్ళూ ఎక్కింది ఎవరట?"

ఆ మాట టైలరుకి ఒళ్ళంతా మంట పుట్టించింది. భార్యని పొట్టి అని ఏడిపించే హక్కు తనొక్కడికే ఉందని ఆయన నమ్మకం.

"ఓవర్‌లాక్ కుట్టుమిషనుకని దాచిన డబ్బుంది కదా, తియ్యి," అన్నాడు. "నేనున్నాను. నీకు కొలిచి కుట్టినట్టుండే బండి తెస్తా."

"ఎప్పటికి తెస్తారు? మీ కస్టమర్లకి చెప్పినట్టు రేపటికిస్తానంటారా?"

తమ్ముడు పకపకా నవ్వాడు. రేపటికిస్తాననే మాట మీదే తన బావ ఇన్నేళ్ళుగా దుకాణం నడుపుతున్నాడని అతనికి తెలుసు.

శుక్రవారం మధ్యాహ్నం టైలరు దుకాణం మూసి, భార్యని గది మధ్యలో నిలబెట్టి, మెళ్ళో టేపు తీశాడు.

"నిటారుగా నిలబడు. గాలి బిగబట్టకు."

"కాలు కొలవడానికి గాలి బిగబట్టేదెవరండీ?"

"అందరూ. నేను టేపు తీశానంటే చాలు, ఊళ్ళో పొట్టలన్నీ మాయమవుతాయి."

తొడ మొదలు నుంచి మడమ దాకా లోపలి కొలత తీసుకుని, రెండోసారి సరిచూసుకుని, టేపు మెళ్ళో వేసుకునే భార్యని వెంటబెట్టుకుని బయల్దేరాడు. కొలత తెలిస్తే చాలు, మిగతాదంతా నల్లేరు మీద నడకే అని ఆయన ధీమా. చేతుల్లోంచి వెళ్ళిన ప్యాంట్లు అన్నీ ఇన్నీ కావు మరి.

షోరూములో అద్దాల వెనక బళ్ళన్నీ ధగధగలాడుతున్నాయి. సేల్స్ కుర్రవాడు టైలరు పొడవు చూసి ముచ్చటపడి, సరాసరి అన్నిటికంటే ఎత్తైన బండి దగ్గరికి తీసుకెళ్ళాడు. "సార్ పర్సనాలిటీకి ఇదే కరెక్టు. మేడమ్, మీరు వెనక కూర్చుని చూడండి, మెత్తగా ఉంటుంది."

"నడిపేది ఆవిడ బాబూ."

కుర్రవాడు ఒక్క క్షణం తడబడి, వెంటనే స్కూటర్ల వైపు తిరిగాడు. "అయితే లేడీస్‌కి ఇవే. ఇవే తీసుకుంటారు అందరూ."

చిట్టి నర్సు కోప్పడలేదు. వంగి, స్కూటరు ముందుచక్రం పక్కన జాన పెట్టి చూసింది. "కొండ మీద సగం దారి కంకర. ఇంత చక్రం రాళ్ళ సందులోకి దిగితే మళ్ళీ రాదు. మా ఆఫీసులో ఒకావిడది అడిగి తీసుకెళ్ళానోసారి." ప్యాంటు మీంచే మోకాలు తడుముకుంది. ఆ మచ్చ సంగతి టైలరుకి తెలుసు. కానీ ఇంట్లో ఆవిడ చెప్పింది మెట్ల మీద జారానని.

ధరల బోర్డు చూశాక షోరూములో ఉండాల్సిన అవసరం ఇద్దరికీ కనిపించలేదు. అక్కణ్ణుంచి ఊరి చివర పాతబళ్ళ దుకాణానికి వెళ్ళారు. రేకుల షెడ్డు, ముందు మట్టి పెరడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్న పెద్దాయన యజమాని. టైలరు ఒక్కో సీటు దగ్గరికీ వెళ్ళి నేల నుంచి టేపు పెట్టడం మొదలెట్టాడు. పెద్దాయన కళ్ళజోడు కిందికి దించుకున్నాడు.

"అయ్యా, బండికి చొక్కా కుట్టిస్తారా ఏంటి?"

"మా ఆవిడకి బండి కుట్టిస్తున్నా," అన్నాడు టైలరు.

నాలుగోదో అయిదోదో, నల్లటి లావుపాటి బండి. సీటు పల్లంగా, నేలకి దగ్గరగా ఉంది. టేపు పెట్టి చూసుకుని ఆయన ఎగిరి గంతేసినంత పనిచేశాడు. ఆవిడ ఎక్కి కూర్చుంటే రెండు పాదాలూ మడమలతో సహా నేలకి ఆనాయి. ఇన్నేళ్ళలో తన భార్యని బండి మీద అలా, కుర్చీలో కూర్చున్నంత తీరిగ్గా కూర్చోగా ఆయన చూడలేదు.

"చూశావా? కొలత అంటే కొలతే. పెద్దాయనా, దీన్ని ఎవరికీ ఇవ్వకండి, మాకు అట్టిపెట్టండి."

ఆవిడ దిగి, మూలనున్న ఇంకో బండి దగ్గరికెళ్ళింది. సన్నగా, ఎత్తుగా, ఎండిన మట్టిరంగులో ఉంది. పెద్ద ముందుచక్రం, బురద పట్టిన టైర్లు. ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడింది, జ్వరం ఉన్న మనిషి నుదురు చూసినట్టు. టైలరు వచ్చి టేపు పెట్టాడు.

"నీకు నాలుగు వేళ్ళు ఎక్కువ. దీనిమీద నీ కాలు గాల్లో వేలాడుతుంది. పద."

ఆవిడ రాత్రి భోజనాల దగ్గర కంచం జరుపుకుంటూ అంది. "రేపు నా వెనక కూర్చుని రండి."

"ఎక్కడికి?"

"నా పనికి. మీ దగ్గరికొచ్చిన మనిషిని ఏం అడుగుతారు ముందు? ఎక్కడికి తొడుక్కుంటావ్ అని అడగరూ? ఇంటికా, పెళ్ళికా, పనికా అని. నన్ను అడిగారా?"

నిజమే, అడగలేదు.

శనివారం పొద్దున తమ్ముడు బండికి ఎక్కడెక్కడో తీగలు బిగించి తెచ్చి ఇచ్చాడు. మందుల పెట్టె టైలరు ఒళ్లోకి వచ్చింది. ఆవిడ ముందు, ఆయన వెనక. మోకాళ్ళు రెండూ మిడతకి ఉన్నట్టు రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చాయి. టీ కొట్టు దగ్గర ఎవరో "ఒరేయ్, నిచ్చెన వెనక్కెళ్ళిందిరోయ్!" అని అరిచారు. టైలరు మొహం కందగడ్డ చేసుకుని పెట్టె వెనక దాచుకోవాలని చూశాడు గానీ, ఆ పొడుగు మొహం ఏ పెట్టె వెనకా దాగదు.

మొదట్లో ఆయన కాళ్ళు ఊరుకోలేదు. ప్రతి మలుపులో లేని బ్రేకు తొక్కాయి. "కుదురుగా కూర్చుంటారా, దించెయ్యమంటారా?" అంది ఆవిడ. ఆయన కుదురుకున్నాడు. కుదురుకున్నాక కళ్ళు పనిచెయ్యడం మొదలెట్టాయి.

పెద్ద కూడలి దగ్గర ఎర్రలైటు పడింది. ముందు బోలెడు ఖాళీ ఉంది. ఆవిడ అక్కడికి పోలేదు. ఎడమ పక్కకి జరిగి, కాలిబాట గట్టు వెంబడి నింపాదిగా వచ్చి, సరిగ్గా గట్టు పగలకుండా మిగిలిన చోట ఆగింది. ఎడమ పాదం గట్టు మీద పడింది. కుడి పాదం బ్రేకు మీద. అంత బరువున్న బండి, వెనక తాటిచెట్టంత మొగుడు, ఒళ్లో పెట్టె. అన్నీ ఆ ఒక్క పాదం మీద కదలకుండా నిలబడ్డాయి. గట్టు లేని చోట ఇంకో రకం. ఆగే ముందే నడుం సీటు మీంచి పక్కకి జార్చి, ఒక కాలిని పూర్తిగా నేలకి దించుతుంది. ఆయన తన జీవితంలో ఎప్పుడూ ఆగడం గురించి ఆలోచించలేదు. ఆయనకి ఆగడమంటే రెండు కాళ్ళు చాపడం, అంతే. ఈవిడకి ప్రతి ఆగడం ముందుగా వేసుకున్న ఎత్తు. టైలరుకి లోలోపల ముచ్చటేసింది, సిగ్గూ వేసింది.

మొదటి ఇల్లు పక్షవాతంతో పడున్న బస్సు డ్రైవరుది. గేటు ముందు ఓ రాతిముక్క పాతి ఉంది. ఆవిడ కిందికి చూడకుండానే పాదం దానిమీద పెట్టి ఆగింది. టైలరు పెద్దగా పట్టించుకోలేదు. రెండో ఇంటి ముందు చెక్కపెట్టె బోర్లించి ఉంది. దానిమీద గోనెపట్టా మేకులతో కొట్టి ఉంది, కాలు జారకుండా. ఆవిడ పాదం దానిమీదే పడింది. మూడో ఇంటి దగ్గర ఇటుకలు పేర్చి, మధ్యలో సిమెంటు మెత్తి ఉంది. అప్పటికి టైలరు మెడ చాపి ముందుకి చూడ్డం మొదలెట్టాడు. ఇల్లు రాకముందే రాయి కోసం వెతుకుతున్నాడు. ప్రతి గుమ్మం ముందూ ఏదో ఒకటి ఉంది, ఎక్కడా రోడ్డుకి అడ్డం రాకుండా, సరిగ్గా ఎడమ కాలు పడే చోట.

కొండ వాలు మొదలయ్యాక బండి ఆయాసపడింది. "మీరు దిగి నడవాలి," అంది. దిగాడు. పెట్టె చేత్తో పట్టుకుని, కంకర మీద పడుతూ లేస్తూ ఎక్కాడు. ఆవిడ బండి రాళ్ళ మధ్య సందులు ఎంచుకుంటూ, ఎక్కడా ఆగకుండా, ఫుట్‌రెస్టుల మీద కొంచెం లేచి నిలబడి పైకి పోయింది. ఆయనకి ఆ చిన్న వీపు మలుపు తిరిగేదాకా కనిపించింది. కింద నిలబడి చూస్తూ, ఈ మనిషినా నేను పల్లపు సీటు మీద కుర్చీలో కూర్చోబెట్టాలనుకున్నది అనుకున్నాడు.

చివరిది డ్రాయింగు మాస్టారి ఇల్లు. అక్కడ గేటు పక్కన నిజంగానే మెట్టు కట్టించి ఉంది. నున్నటి సిమెంటు మెట్టు, పైన జారకుండా ఏటవాలు గీతలు, అంచులు గుండ్రంగా. మాస్టారు వరండాలో కాలు చాపుకుని ఉన్నారు. ఆవిడ చేతులు కడుక్కుని పాత కట్టు విప్పింది. టైలరు గుడ్డ కోసే చేతుల్ని చాలా చూశాడు. గాజుగుడ్డని పుండు ఆకారానికి మడిచి, ఒక్క పోగు వృథా పోకుండా కత్తిరించి, బిగువు వేలితో చూసుకుంటూ చుట్టుకుపోయే ఈ చేతులు మాత్రం ఆయన ఇంట్లో రోజూ ఉన్నా చూడనివి. మాస్టారు నొప్పి తెలియకుండా మాట్లాడుతూనే ఉన్నారు.

"మెట్టు బావుందా, టైలరుగారూ? గీతలు నేనే గీశాను, సిమెంటు తడిగా ఉండగానే."

"చాలా బావుందండీ. దేనికి కట్టించారు?"

"అదేంటి, ఈవిడకే కదా! ఓ వర్షం రోజు గేటు ముందు ఆగబోయి బండితో సహా ఒరిగిపోయింది. మనిషి బండి కింద, చెయ్యి మాత్రం పైకి. ఆ చేతిలో నా మందుల పెట్టె. ఒక్క సీసా పగల్లేదు. నేను లేవలేను, సాయం చెయ్యలేను. తనే లేచి, బండి లేపుకుని, లోపలికొచ్చి నా కట్టు కట్టింది. మర్నాడే మేస్త్రీని పిలిపించాను. ఎత్తు ఎంత కావాలమ్మా అంటే మొహమాటం, చెప్పదే! బండి పక్కన నిలబెట్టి నేనే చూసి గీసిచ్చాను." మాస్టారు కొంచెం ముందుకి వంగారు. "అవునూ, మీ ఇంటి దగ్గర ఎంత ఎత్తు పెట్టించారు?"

టైలరు భార్య వంక చూశాడు.

"మాకు పక్కింటి మెట్టు ఉంది కదండీ, సరిపోతుంది," అంది ఆవిడ, కట్టు చివర ప్లాస్టరు అంటిస్తూ, రేపు వర్షం వస్తుందేమో అన్నంత మామూలుగా.

పక్కింటి మెట్టు. గేటులోంచి రోడ్డు మీదికి వచ్చిన ఆ సిమెంటు మెట్టు. రోజూ సాయంత్రం అక్కడ ఆగి, దిగి, తోసుకుంటూ రావడం. పొద్దున కూడా తోసుకుంటూ వెళ్ళి అక్కడే ఎక్కడం. ఇన్నేళ్ళూ ఆయన కిటికీలోంచి అది చూస్తూ, అత్తయ్యగారితో సభ అని ఎగతాళి చేశాడు. గురువారం బండి చచ్చి, నడిచొచ్చిన రోజున మాత్రం సభ ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది. ఎవరెవరో, మంచం మీంచి లేవలేనివాళ్ళు కూడా, ఆవిడ పాదం కోసం రాయి వెతికి పాతారు. ఊరందరి కాళ్ళ కొలతలూ తీసే తను మాత్రం తన గుమ్మం ముందు ఒక ఇటుక కూడా పెట్టలేదు. మాస్టారి ముందు ఏడవకూడదని గేటు వైపు తిరిగి ఆ మెట్టు మీది గీతలు చూస్తూ కూర్చున్నాడు.

దిగేటప్పుడు అడిగాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పాలి, నేను పొట్టిదాన్నని చెప్పాలా? అది మీరే రోజూ చెప్తారుగా." తరవాత గొంతు మెత్తబడింది. "పోన్లెండి. అత్తయ్యగారికి సాయంత్రం పలకరించే మనిషి లేదు. అదో కాలక్షేపం అయింది."

ఆదివారం తమ్ముణ్ణి కూడా తీసుకుని ముగ్గురూ పాతబళ్ళ దుకాణానికి వెళ్ళారు. ఆవిడ పెద్దాయన్ని రెండు గోనెసంచులు అడిగి పెరట్లో పరిచింది. లావుబండిని వాటిమీద నెమ్మదిగా పక్కకి పడుకోబెట్టింది.

"అమ్మా, అమ్మా! ఏం చేస్తున్నావ్?" పెద్దాయన పరుగెత్తుకొచ్చాడు.

"ముట్టుకోకండి. గీత పడదు. నేను లేపగలనో లేదో చూసుకోవాలి."

బండికి వీపు తిప్పి, చతికిలబడినట్టు కూర్చుని, ఒక చెయ్యి హ్యాండిలుకీ ఒక చెయ్యి వెనక కమ్మీకీ వేసి, కాళ్ళ బలంతో వెనక్కి నెట్టింది. లావుబండి జానెడు లేచింది. అక్కడే ఆగింది. ఆవిడ మెడ నరాలు తేలాయి. టైలరు అప్రయత్నంగా ముందుకొచ్చాడు. బావమరిది చెయ్యి పట్టుకుని ఆపాడు. బండి మళ్ళీ గోనెల మీదికి వాలిపోయింది.

ఆవిడ చేతులు దులుపుకుని, ఇప్పుడు మట్టిరంగు బండిని పడుకోబెట్టింది. మళ్ళీ వీపు తిప్పి కూర్చుంది. ఊపిరి తీసుకుని, చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ నెట్టింది. బండి మూలిగింది, లేచింది, ఆవిడ నడుం వెంట పైకొచ్చి నిటారుగా నిలబడింది. ఆవిడ తిరక్కుండానే కాలితో స్టాండు వేసింది. పెద్దాయన ముక్కున వేలేసుకున్నాడు.

"కాలు అందకపోతే ఓ రాయి చూసుకుంటా," అంది ఆవిడ రొప్పుతూ. "పడితే లేపే మనిషి మాత్రం కొండ మీద దొరకడు. ఏమండీ, ప్యాంటు కుట్టేటప్పుడు పొడవొక్కటే చూస్తారా మీరు?"

"చూడను," అన్నాడు టైలరు. ఆ క్షణాన ఆయనకి ఆ పెరట్లో తన భార్య కంటే ఎత్తైన మనిషి ఎవరూ కనిపించలేదు. "తప్పు నాదే. ఇదే తీసుకుందాం. కానీ సీటు ఒక్కటి నాకు వదిలెయ్."

ఆవిడని ఎక్కించి, పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. ఎత్తు కాదు అసలు చిక్కు. సీటు ముందుభాగం వెడల్పుగా ఉండి తొడల్ని ఎడం చేస్తోంది. కాలు సూటిగా కిందికి దిగకుండా పక్కకి పోతోంది. నిలబెట్టి పొడవు కొలిచి, కూర్చోబెట్టి ఆసనం వెడల్పు కొలవడం మర్చిపోయాడు. కొత్తగా పని నేర్చుకునేవాడు చేసే తప్పది.

మధ్యాహ్నం బావమరిది సీటు విప్పి ఇచ్చాడు. టైలరు రెక్సిన్ తొడుగు విప్పి, లోపలి స్పాంజి మీద సుద్దతో గీశాడు. పొడవాటి బ్లేడుతో రెండు పక్కలా పల్చగా, ఉల్లిపొరలు తీసినట్టు కోసుకుంటూ వచ్చాడు. కోసినప్పుడల్లా సీటు బండి మీద పెట్టడం, ఆవిడని ఎక్కించడం, దించడం. సాయంత్రం అయ్యేసరికి ఆవిడకి విసుగొచ్చింది, ఆయనకి రాలేదు. లావు సూది వేసి, పాత తొడుగుని కొత్త ఆకారానికి కుట్టాడు. చివరిసారి ఎక్కితే రెండు పాదాల మునివేళ్ళూ నేలకి తగిలాయి. నడుం కొంచెం జార్చితే ఒక పాదం పూర్తిగా ఆనింది.

"బావా, ఇది అక్క ఆకారానికే అయిపోయింది. ఆదివారాలు నువ్వెక్కడ కూర్చుంటావ్?" అన్నాడు బావమరిది.

"వెనక. పెట్టె ఒళ్లో పెట్టుకుని," అన్నాడు టైలరు దారం కొరుకుతూ. ఆవిడ ఆయన వైపు చూసి, లోపలికెళ్ళి టీ పెట్టింది.

సోమవారం పొద్దున ఆవిడ బండి చూపించడానికి వెళ్ళింది. వెళ్ళిన మరుక్షణం టైలరు టేపు తీసుకుని పక్కింటి మెట్టు కొలిచాడు. ఏం జరుగుతోందో తెలుసుకుని పెద్దావిడ గేటు పట్టుకుని నిలబడింది. "అయితే ఇంక సాయంత్రం నాతో మాట్లాడేదెవరయ్యా?" అంది. "నేనొచ్చి మాట్లాడతానండీ," అన్నాడు. "నీతో ఏం మాట్లాడతాం, గుండీల సంగతా?" అని ఆవిడ లోపలికి పోయింది.

కూల్చిన ఓ ఇంటి దగ్గర గడపరాయి దొరికింది. బావమరిది తోపుడుబండి మీద తెచ్చాడు. టైలరు గునపం పట్టి గొయ్యి తవ్వి, రాయి దింపి, నాలుగు పక్కలా మట్టి కూరి, ఎక్కి గెంతి చూశాడు. చేతులు బొబ్బలెక్కాయి. మెషీను ముందు కూర్చుంటే కుట్టు సూటిగా రాలేదు. ఇన్‌ఛార్జి ఏమన్నాడో తెలీదు. ఫోను చెయ్యాలంటే భయం. మధ్యాహ్నానికే ఆవిడ ఇంటికొచ్చేస్తే కొండ పోయినట్టే. ఆఫీసు వెనక వీధులు ఎంతసేపు తిరుగుతుంది? టైలరు ప్రతి బండి చప్పుడుకీ కిటికీలోకి తల పెట్టాడు. మధ్యాహ్నం దాటింది, ఆవిడ రాలేదు. ఆయనకి కొంచెం ధైర్యం వచ్చింది.

ఎండ దిగుతుండగా వీధి మొదట్లో కొత్త చప్పుడు వినిపించింది, గట్టిగా, ఆయాసం లేకుండా. పొగ లేదు. టైర్లకి కొండ మీది తెల్లటి కంకర దుమ్ము అంటుకుని ఉంది. అది చూడగానే టైలరు కళ్ళు మసకబారాయి.

ఆవిడ అలవాటుగా పక్కింటి వైపు హ్యాండిలు తిప్పింది. సగంలో రాయిని చూసింది. బండి నెమ్మదించింది. హ్యాండిలు ఇటు తిరిగి, బండి తన గుమ్మం ముందుకొచ్చి ఆగింది. ఎడమ పాదం వెళ్ళి గడపరాయి మీద పడింది.

మోకాలు పైకి లేచిపోయింది.

ఆవిడ ఆ మోకాలి వంక చూసుకుంది. రాయి వంక చూసింది. గుమ్మంలో టేపు మెళ్ళో వేసుకుని, బొబ్బల చేతులు వెనక దాచుకుని నిలబడ్డ మొగుడి వంక చూసింది. ఏడుస్తుందో నవ్వుతుందో ఆయనకి అర్థం కాలేదు. రెండూ చేసింది.

"పాత బండికి కొలిచారు కదూ?"

టైలరు తల పట్టుకున్నాడు. ఈ బండి పాతదానికంటే ఎత్తు తక్కువ, పైగా సీటు తనే కోశాడు.

"మాస్టారు మళ్ళీ అడిగారు," అంది, హెల్మెట్టు తీసి ట్యాంకు మీద పెట్టుకుంటూ. "మీ ఇంటి దగ్గర మెట్టు ఎంత ఎత్తని. రేపు చెప్తానన్నాను. ఏం చెప్పమంటారు?"

"ట్రయలు అయిందని చెప్పు. రేపటికి ఇస్తానన్నాడని చెప్పు."

ఆ మాట అన్నాడే గానీ, రేపటి దాకా ఆగలేదు. లోపలికెళ్ళి గునపం తెచ్చాడు. "దిగకు, అలాగే కూర్చో," అని మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ మడమకీ రాయికీ మధ్య టేపు పెట్టాడు. పక్కింటి పెద్దావిడ కుర్చీ తెచ్చుకుని తన గేటు ముందు వేసుకుంది. చిట్టి నర్సు కొత్త బండి మీద కూర్చుని ఆవిడతో కబుర్లు మొదలెట్టింది. టైలరు మట్టి తవ్వుతూ, మధ్యమధ్యలో "కాలు పెట్టు" అంటున్నాడు.

ఆవిడ మాట ఆపకుండానే కాలు పెట్టి చూస్తోంది. "ఇంకొంచెం," అంటోంది.